అప్‌డేట్ తర్వాత లినక్స్ సర్వీస్ ఆగిపోతే ఏం చేయాలి?

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మా బంధువుల ఆఫీసులో బిల్లింగ్ అంతా ఒక ఉబుంటు (ఒక రకం లినక్స్) కంప్యూటర్ మీద నడుస్తుంది. ఒకరోజు పొద్దున్నే ఫోన్ వచ్చింది. "అన్నయ్యా, లారీ లోడయ్యి నిలబడింది. బిల్లు పేజీ తెరుచుకోవట్లేదు. రాత్రి ఏదో అప్‌డేట్ అయింది." అప్పటికే మిషన్‌ని మూడుసార్లు రీస్టార్ట్ చేశారట. ఇంకాసేపైతే ఉబుంటు తీసేసి మళ్లీ వేసేవాళ్లు, బిల్లుల డేటా కూడా దాంతోపాటే పోయేది. టెన్షన్‌లో ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. అందుకే ఆరోజు మేం చేసిన పనిని వరసగా రాస్తున్నాను. ఇది ఉబుంటు, డెబియన్ రెండింటికీ పనికొస్తుంది. ఆదేశాలను తెలుగులో రాశాను. టెర్మినల్లో ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో, ముందు సూడో (ఎస్, యు, డి, ఓ; నిర్వాహకుడి అధికారం ఇచ్చే మాట) చేర్చి కొట్టండి.

ముందు లాగ్ చదవండి

'సిస్టమ్‌సీటీఎల్ --ఫెయిల్డ్' కొడితే ఏ సర్వీస్ (వెనకాల నడిచే ప్రోగ్రామ్) పడిపోయిందో తెలుస్తుంది. మా దగ్గర పడిపోయింది బిల్లు పేజీని అందించే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్. తర్వాత 'జర్నల్‌సీటీఎల్ -యు ఎన్‌జిన్‌ఎక్స్ -బి' కొడితే దాని లాగ్, అంటే ఏం జరిగిందో రాసిపెట్టిన చిట్టా, కనిపిస్తుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు, చివరి లైను చూసి ఆగిపోతారు. తనంతట తాను మళ్లీ లేచేలా పెట్టిన సర్వీసును, సర్వీసులన్నిటినీ నడిపే సిస్టమ్‌డీ మామూలుగా 10 సెకన్లలో 5 సార్లు లేపి చూసి వదిలేస్తుంది. అప్పుడు చివర్లో కనిపించే 'స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్లీ' అసలు కారణం కాదు. పైకి వెళ్లి, మొదటిసారి పడిపోయిన చోట చదవండి. (సరిచేశాక కూడా అదే మాట వస్తే 'సిస్టమ్‌సీటీఎల్ రీసెట్-ఫెయిల్డ్' కొట్టండి.)

సెట్టింగుల ఫైల్ బాగుందో లేదో చాలా సాఫ్ట్‌వేర్లు తామే చెబుతాయి. 'ఎన్‌జిన్‌ఎక్స్ -టి', అపాచీకి (ఇంకో వెబ్ సర్వర్) 'అపాచీ2సీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్', సాంబాకి (ఫైళ్లు పంచుకునే సాఫ్ట్‌వేర్) 'టెస్ట్‌పార్మ్'. మాకు 'ఎన్‌జిన్‌ఎక్స్ -టి' సూటిగానే చెప్పింది: బిల్లింగ్ వాళ్లు అదనంగా కలిపిన ఒక మాడ్యూల్ పాత వెర్షన్ కోసం తయారైంది, కొత్తదానితో కలవదు.

రాత్రి ఏం మారింది?

'/వార్/లాగ్/ఆప్ట్/హిస్టరీ.లాగ్' తెరవండి. (ఆప్ట్ అంటే ఏ, పీ, టీ; సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను వేసే, తీసే సాధనం.) ఏ ప్యాకేజీ, ఏ టైముకి, ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కి మారిందో అందులో ఉంటుంది. పాత వెర్షన్ నంబరు కాగితం మీద రాసుకోండి, ఇప్పుడే పని పడుతుంది.

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయుంటే 'డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ', ఆపైన 'ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్' చాలు. 2018లో తిత్లీ తుపాను చూసిన ఊరు కాబట్టి మావాళ్ల దగ్గర యూపీఎస్ ఉంది, ఆ ఇబ్బంది రాలేదు. సెట్టింగుల ఫైల్ పక్కన '.డీపీకేజీ-డిస్ట్' గానీ '.డీపీకేజీ-ఓల్డ్' గానీ కనిపిస్తే, రెండు ఫైళ్లనూ 'డిఫ్'తో పోల్చి చూడండి. మొదటిది మీరు వద్దన్న కొత్త ఫైలు, రెండోది మీరు కొత్తదానికి ఒప్పుకున్నప్పుడు పక్కన పెట్టిన పాత ఫైలు.

పాత వెర్షన్‌కి వెళ్లడం

'ఆప్ట్ పాలసీ ఎన్‌జిన్‌ఎక్స్' కొడితే దొరికే వెర్షన్లు కనిపిస్తాయి. పాతది ఉంటే 'ఆప్ట్ ఇన్‌స్టాల్' తర్వాత ప్యాకేజీ పేరు, '=' గుర్తు, వెర్షన్ నంబరు ఖాళీ లేకుండా రాయాలి. లేకపోతే ఇదివరకు డౌన్‌లోడ్ అయిన ప్యాకేజీలు ఉండే '/వార్/క్యాష్/ఆప్ట్/ఆర్కైవ్స్'లో వెతకండి. 'వై/ఎన్' అని అడిగినప్పుడు, ఎంటర్ కొట్టేముందు ఏవేవి తీసేస్తానంటుందో చదవండి. ఆ జాబితా పొడుగ్గా ఉంటే ఎన్ నొక్కి బయటికి వచ్చేయండి.

డేటాబేస్ విషయంలో మాత్రం ఇలా పాత వెర్షన్‌కి వెళ్లకండి. దయచేసి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ 8.0 లో కొత్త వెర్షన్ నుంచి పాతదానికి దిగడానికి మద్దతు లేదు. కొత్తది డేటా ఫోల్డర్‌ను ఒకసారి మార్చాక, పాతది వేయాలంటే ముందు తీసిపెట్టుకున్న బ్యాకప్ ఒక్కటే దారి. దూరం నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో పనిచేస్తుంటే తెరిచి ఉన్న విండోను అంతా సరిపోయేదాకా మూయకండి.

వెనక్కి వచ్చాక 'ఆప్ట్-మార్క్ హోల్డ్ ఎన్‌జిన్‌ఎక్స్' కొట్టాలి, అంటే దాన్ని ఈ వెర్షన్ దగ్గరే ఆపేయాలి. లేకపోతే ఆ రాత్రే మళ్లీ అప్‌డేట్ అయిపోతుంది. హోల్డ్‌లో ఉన్నంతకాలం ఆ ప్యాకేజీకి భద్రతా సవరణలు కూడా రావు. అందుకే తేదీతో సహా ఒక చీటీ రాసి మానిటర్‌కి అంటించమన్నాను.

స్టేటస్‌లో 'యాక్టివ్' అని కనిపించగానే లేచిపోలేదు. నిజంగా ఒక బిల్లు కొట్టి చూశాం, మిషన్‌ని ఒకసారి రీబూట్ చేసి మళ్లీ చూశాం. తర్వాతే లారీ కదిలింది. నాలుగు రోజులకు బిల్లింగ్ వాళ్లు కొత్త మాడ్యూల్ పంపారు. 'ఆప్ట్-మార్క్ అన్‌హోల్డ్' కొట్టి, అప్‌డేట్ చేసి, చీటీ తీసేశాం.