బెంగళూరు కారుతో నేపాల్, భూటాన్: బయల్దేరే ముందు బీమా కాగితాలు సరిచేసుకోవడం ఎలా

మీ కారు బీమా పాలసీ మొదటి పేజీని ఒకసారి నిదానంగా చూడండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఐడీవీ (కారుకు బీమా కంపెనీ కట్టిన విలువ) ఉండే గడుల దగ్గర్లోనే వాహనం ఏ ప్రాంతంలో తిరిగితే బీమా వర్తిస్తుందో చెప్పే చిన్న వరుస ఒకటి ఉంటుంది. దాని ఎదురుగా ‘ఇండియా’ అన్న ఒక్క మాట ఉంటుంది. ఐడీవీ ఎంత, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎంత అని చూసి పేజీ తిప్పేయడం మనకు అలవాటు కాబట్టి ఆ మాట కంట పడదు. బెంగళూరులో బయల్దేరి అనంతపురం, కర్నూలు, హైదరాబాద్, నాగ్‌పూర్, జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్, గోరఖ్‌పూర్ మీదుగా రెండు వేల కిలోమీటర్లకు పైగా నడిపి సోనౌలీ చేరేదాకా మీకు అండగా ఉన్న పాలసీ, అక్కడ గేటు దాటి నేపాల్ వైపు బెలహియాలోకి కారు వెళ్లగానే ఉత్త కాగితం అవుతుంది. దాన్ని అవతల కూడా చెల్లేలా చేయించుకోవడం కష్టమూ కాదు, పెద్ద ఖర్చూ కాదు. కానీ ఆ పని ఇంట్లో ఉండగానే, రాతపూర్వకంగా, సరైన తేదీలతో జరగాలి.

ఈ పనిని బీమావాళ్లు ‘జియోగ్రాఫికల్ ఎక్స్‌టెన్షన్’ అంటారు, ఆ ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే సవరణ పత్రం) మీద ఉండే గుర్తు ఐఎంటీ-1. మన దేశంలో మోటారు బీమాకు 2002లో వచ్చిన ఇండియా మోటార్ టారిఫ్ (ధరలు, నిబంధనల పట్టిక) ప్రకారం పాలసీ పరిధిని బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులు అనే ఆరు దేశాలకు పొడిగించవచ్చు. అందుకు సమగ్ర పాలసీ అయితే వాహనానికి 500 రూపాయలు, థర్డ్ పార్టీ (ఎదుటివారికి జరిగే నష్టానికి) మాత్రమే ఉన్న పాలసీ అయితే 100 రూపాయలు అదనపు ప్రీమియంగా నిర్ణయించారు. దీనికి 18 శాతం జీఎస్టీ కలిపితే 500 కాస్తా 590 అవుతుంది. పది రోజులు తిరిగినా పన్నెండు నెలలు తిరిగినా రుసుము అదే. 2007 జనవరి 1 నుంచి ఓన్ డ్యామేజ్ (సొంత కారుకు జరిగే నష్టం) ప్రీమియం ధరలను కంపెనీలకే వదిలేశారు కాబట్టి మీ కంపెనీ చెప్పే మొత్తం కొంత తేడాగా ఉండవచ్చు. ఎండార్స్‌మెంట్ మాటలు మాత్రం నేటికీ ఆ పాత టారిఫ్ నుంచి వచ్చినవే.

ఆరు దేశాల పేర్లు ఉన్నా, దక్షిణాది నుంచి కారు తీసుకెళ్లేవారికి నిజంగా పనికొచ్చేవి నేపాల్, భూటాన్ రెండే. శ్రీలంక దగ్గరే కదా అని చెన్నైలో ఉన్న బంధువులు నన్ను అడుగుతుంటారు. 2023 అక్టోబరులో నాగపట్నం నుంచి కాంకేసంతురైకి మొదలైన ఫెర్రీ ప్రయాణికుల కోసమే, అందులో కారు ఎక్కించే ఏర్పాటు లేదు. పైగా ఓడలోగాని విమానంలోగాని వాహనాన్ని తరలించేటప్పుడు జరిగే నష్టానికి ఈ పొడిగింపు వర్తించదని ఆ ఎండార్స్‌మెంట్‌లోనే రాసి ఉంటుంది. మయన్మార్, థాయ్‌లాండ్ అసలు ఆ జాబితాలోనే లేవు. అటు వెళ్లేవారు ఆయా దేశాల స్థానిక థర్డ్ పార్టీ బీమా కొనుక్కోవాలి. ఆ ప్రయాణాల మాటల్లో తరచు వినిపించే కార్నే అన్నది బీమా కాదు, వాహనాన్ని తిరిగి వెనక్కి తీసుకుపోతామని కస్టమ్స్‌కు ఇచ్చే పూచీ మాత్రమే. నేపాల్, భూటాన్‌లకు దాని అవసరం లేదు.

ఇక అడగవలసింది ఎవరిని? ఇక్కడే ఒక మెలిక ఉంది. 2018 సెప్టెంబరు తర్వాత కొన్న కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ పాలసీ ఒకేసారి ఇస్తున్నారు, ఓన్ డ్యామేజ్ పాలసీని మాత్రం ఏటా మార్చుకోవచ్చు. రెండో ఏడాది ఏదో వెబ్‌సైటులో చవగ్గా వచ్చిందని ఓన్ డ్యామేజ్‌ను వేరే కంపెనీకి మార్చి ఉంటే, మీ ఒక్క కారుకు రెండు కంపెనీల రెండు పాలసీలు ఉన్నట్టు. ఒకదానికే పొడిగింపు చేయిస్తే, మీ కారు సొట్టకు డబ్బు వస్తుందిగాని మీ కారు తగిలిన మనిషికి ఇవ్వవలసిన పరిహారం మీ మెడకు చుట్టుకుంటుంది, లేదా దానికి తారుమారుగా జరుగుతుంది. కాబట్టి రెండు కంపెనీలనూ విడివిడిగా అడగాలి, రెండు ఎండార్స్‌మెంట్లూ తీసుకోవాలి.

ఆన్‌లైన్‌లో పాలసీ కొనే ఫారాల్లో ఈ పొడిగింపు గడి సాధారణంగా కనిపించదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ‘ఉంటుంది సార్, కవర్ అవుతుంది’ అనే జవాబు చాలా సులువుగా వస్తుంది. ఆ మాటను నమ్మి బండి తీయకండి. పాలసీ జారీ చేసిన శాఖకు ఈమెయిల్ రాయడం, వీలైతే స్వయంగా వెళ్లడం మేలు. ఏ దేశానికి, ఏ సరిహద్దు దగ్గర దాటి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వెళ్తున్నారో, కారు ఎవరెవరు నడుపుతారో రాసి, ఆర్‌సీ, డ్రైవింగ్ లైసెన్స్, ప్రస్తుత పాలసీ ప్రతులు జతచేసి, ఐఎంటీ-1 ఎండార్స్‌మెంట్ కావాలని ఆ పేరుతోనే అడగండి. నా అనుభవంలో ప్రభుత్వ రంగ కంపెనీల పాత శాఖల్లో ఈ పేరు చెప్పగానే పని అర్థం చేసుకునేవారు ఒకరైనా ఉంటారు. ఆన్‌లైన్‌లోనే నడిచే కంపెనీల్లో నాలుగు మెయిళ్లు తిరిగాక గాని సరైన మనిషి దొరకడు. అందుకే కనీసం మూడు వారాల ముందు మొదలుపెట్టండి. కంపెనీ కుదరదంటే, పునరుద్ధరణ సమయంలో ఈ పొడిగింపు ఇచ్చే కంపెనీకి మారడం తప్ప మార్గం లేదు.

ఎండార్స్‌మెంట్ చేతికి వచ్చాక దానిలో వాహనం నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోయాయో లేదో అక్షరం అక్షరం చూసుకుని, ఆ తర్వాత తేదీలు చూడండి. నేను దెబ్బతిన్నది తేదీల దగ్గరే. మా పాలసీ ప్రయాణం మధ్యలో, నేపాల్‌లో ఉండగా ముగుస్తుందని తెలిసి, జాగ్రత్తపరుణ్ననుకుంటూ వారం ముందే పునరుద్ధరించాను. పొడిగింపు పాత పాలసీకి అంటుకుని ఉంది, కొత్త పాలసీకి అది దానంతట అది రాదు. గోరఖ్‌పూర్ లాడ్జిలో శనివారం రాత్రి మంచం మీద కాగితాలు పరిచి సర్దుతుంటే, కొత్త పాలసీలో మళ్లీ ఆ ఒక్క మాట, ‘ఇండియా’, కనిపించింది. ఆదివారం ఎవరూ ఫోన్ ఎత్తలేదు. సోమవారం ఉదయం మెయిల్ పంపి, 590 రూపాయలు కట్టి, మధ్యాహ్నం మూడింటికి పీడీఎఫ్ వచ్చేదాకా అక్కడే ఉన్నాం. పిల్లలు గోరఖ్‌నాథ్ గుడిని రెండుసార్లు చూశారు.

కారు ఎవరి పేరున ఉందన్నది మన ఊరిలో ప్రత్యేకంగా పట్టించుకోవలసిన విషయం. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు ఉద్యోగులు చాలామంది కంపెనీ లీజు మీద తీసుకున్న కార్లు నడుపుతుంటారు. అలాంటి కారుకు చట్టం దృష్టిలో యజమాని లీజు సంస్థ, బీమా కూడా ఆ పేరునే ఉంటుంది, కాబట్టి ఎండార్స్‌మెంట్ కోసం రాయవలసింది వారే. దానితోపాటు విదేశానికి తీసుకెళ్లడానికి మీకు అనుమతి ఇస్తూ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం తీసుకోవాలి. ఊళ్లో నాన్నగారి పేరున ఉన్న ఏపీ నంబరు కారు తీసుకెళ్లినా ఆయన సంతకంతో అనుమతి పత్రం ఉండాలి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారైతే, ఆర్‌సీతోపాటు బీమా కూడా మీ పేరుకు మారిందో లేదో చూడండి. కొన్న 14 రోజుల్లో బీమా మార్పిడికి దరఖాస్తు చేయకపోతే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ మన దేశంలోనే నిలవదు, నేపాల్ మాట చెప్పనక్కర్లేదు. అద్దెకు తీసుకున్న సెల్ఫ్ డ్రైవ్ కారుతో సరిహద్దు దాటే ఆలోచన అసలు పెట్టుకోవద్దు.

పొడిగింపు ఉంది కదా అని అవతల కూడా బెంగళూరులో జరిగినట్టే అన్నీ జరుగుతాయనుకోకూడదు. ప్రామాణిక కారు పాలసీలో ప్రమాదం తర్వాత బండిని గ్యారేజీకి లాక్కెళ్లే ఖర్చుకు ఇచ్చే పరిమితి 1500 రూపాయలు. ముస్తాంగ్ దారిలో ఆగిపోయిన కారును పోఖరా దాకా దించడానికి ఆ డబ్బు ఏ మూలకూ రాదు. సర్వేయరు (నష్టాన్ని అంచనా వేయడానికి కంపెనీ పంపే మనిషి) చూడకముందే మీ అంతట మీరు చేయించుకోగల మరమ్మతుకు అదే పాలసీలో ఉన్న పరిమితి 500 రూపాయలు, అంటే ఈ రోజుల్లో సైడు అద్దం కూడా రాదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ యాడ్-ఆన్ (అదనంగా కొనుక్కునే కవర్) సాధారణంగా మన దేశానికే పరిమితం. బిల్లు కంపెనీయే నేరుగా కట్టే క్యాష్‌లెస్ గ్యారేజీలు కూడా ఇవతలే ఉంటాయి. అక్కడ డబ్బు మీరు కట్టి, బిల్లులు తెచ్చి, ఇక్కడ తిరిగి రాబట్టుకోవాలి. వాగు దాటేటప్పుడు ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లి పాడైతే సాధారణ పాలసీ ఇవ్వదు కాబట్టి, ఇంజిన్ ప్రొటెక్ట్ ఉందో లేదో, పొడిగింపు ఆ యాడ్-ఆన్‌కు కూడా వర్తిస్తుందో లేదో అదే మెయిల్‌లో అడిగి రాతలో జవాబు తీసుకోండి. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రాబట్టడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది, అయినా అడగడమే మంచిదైంది.

కారులో కూర్చున్న మనుషుల సంగతి వేరు. యజమాని-డ్రైవరుకు ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మరణానికి, శాశ్వత వైకల్యానికి మాత్రమే ఇస్తుంది, ఆసుపత్రి బిల్లుకు ఇవ్వదు. కారు సంస్థ పేరున ఉంటే ఆ కవరే ఉండదు. తక్కినవారికి విడిగా ప్రీమియం కట్టి ప్రయాణికుల ప్రమాద బీమా చేర్చుకోవచ్చు. మన ఆరోగ్య బీమా పాలసీల్లో చాలావాటికి దేశం బయట చేసిన చికిత్స పట్టదు కాబట్టి, ఇంటిల్లిపాదికీ ఆ దేశం పేరుతో చిన్న ట్రావెల్ పాలసీ తీసుకోవడం తెలివైన ఖర్చు.

సరిహద్దు దగ్గర నేపాల్ కస్టమ్స్ కార్యాలయంలో, అక్కడివారు భన్సార్ అని పిలిచే అనుమతి తీసుకోవాలి. ఎన్ని రోజులు ఉంటారో ముందే చెప్పి రోజుకింత చొప్పున కట్టాలి. అనుకున్నదానికి రెండు రోజులు ఎక్కువే రాయించుకోండి. గడువు దాటితే జరిమానా సరే, గడువు దాటిన రోజుల్లో ప్రమాదం జరిగితే వాహనం అక్కడ అనుమతి లేకుండా తిరుగుతున్నదని చెప్పడానికి బీమా కంపెనీకి ఒక సాకు దొరుకుతుంది. స్థానిక థర్డ్ పార్టీ బీమా చూపమని అడిగితే, మా దగ్గర ఇండియా పాలసీ ఉందని వాదించకుండా అక్కడే కొనుక్కోవడం మంచిది, ఎందుకంటే అక్కడి పోలీసులు వెంటనే గుర్తించేది తమ దేశపు కాగితాన్నే. భూటాన్‌కు జైగావ్ దాటి ఫుంత్‌షోలింగ్ దగ్గర వాహన అనుమతి తీసుకోవాలి. మనిషికి రాత్రికి 1200 రూపాయల అభివృద్ధి రుసుము దీనికి అదనం. రెండు దేశాల్లోనూ మన లైసెన్సు చెల్లుతుంది, రెండు చోట్లా ఎడమవైపే నడపాలి.

ప్రమాదం జరిగితే ముందు మనుషులను చూసుకుని, తర్వాత కారును కదపకముందే నంబరు ప్లేటు, చుట్టుపక్కల రోడ్డు కనిపించేలా ఫోటోలు తీయండి. స్థానిక పోలీసుల నివేదిక లేకుండా అక్కడి నుంచి కదలవద్దు. అది నేపాలీలో ఉంటుంది కాబట్టి ఇంగ్లీషు అనువాదం చేయించి నోటరీ వేయించుకోండి. కాఠ్మాండూలో ఈ పని సులువు, బెంగళూరు వచ్చాక నేపాలీ చదివేవారిని వెతకడం కష్టం. అదే రోజు కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకుని, సర్వేయరును పంపుతారా లేక ఫోటోలు, వీడియోతో ఒప్పుకుంటారా అన్నది మెయిల్‌లో రాయించుకోండి. ఎదుటివారితో అక్కడికక్కడే రాజీపడి డబ్బు ఇచ్చి, ఆ డబ్బును తర్వాత కంపెనీని అడగాలనుకోవద్దు. కంపెనీ సమ్మతి లేకుండా ఒప్పుకున్న బాధ్యతను పాలసీ భరించదు.

బంపరు గీతలు, చిన్న సొట్టలతో తిరిగివస్తే క్లెయిమ్ వేసే ముందు లెక్క వేసుకోండి. 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిమ్‌లో 1000 రూపాయలు, అంతకు మించిన దానికి 2000 రూపాయలు మీరే భరించాలి. మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం 12,000 అయి, 50 శాతం బోనస్‌తో 6,000 మాత్రమే కడుతున్నారనుకుంటే, ఒక్క క్లెయిమ్‌తో వచ్చే ఏడాది మళ్లీ పూర్తి 12,000 కట్టాలి, ఆపై 20 శాతం నుంచి మొదలుపెట్టి ఎక్కాలి. నేను పోఖరాలో పడిన సొట్టను కేఆర్ పురంలోని షెడ్డులో 3,500 ఇచ్చి తీయించుకున్నాను, క్లెయిమ్ వేయలేదు.