వ్యాపారంలో మార్పు తెచ్చేటప్పుడు సరైన పద్ధతిని ఎంచుకోవడం ఎలా?

కొట్లో చిట్టా పుస్తకం తీసేసి కంప్యూటర్ బిల్లింగ్ పెట్టడం, జీడిపప్పు కర్మాగారంలో చేత్తో గింజ కొట్టే పనిని యంత్రానికి అప్పగించడం, తండ్రి నడిపిన ఉమ్మడి వ్యాపారాన్ని అన్నదమ్ములు రెండు శాఖలుగా నడపాలనుకోవడం, ఈ మూడూ మార్పులే అయినా మూడింటికీ ఒకే పద్ధతి పనికిరాదు. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాలలో వ్యాపారం చేస్తున్న మనవాళ్లు చాలామంది ముందు ఏం కొనాలో తేల్చుకుని, డబ్బు కట్టేశాక, పనివాళ్లను ఎలా ఒప్పించాలా అని ఆలోచిస్తారు. ఈ వరుస తిరగబడాలి. మార్పు వల్ల ఎవరి చేతిలోంచి ఏం పోతుందో మొదట తేల్చుకుంటే, ఏ పద్ధతి అవసరమో చాలావరకు దానంతట అదే తెలుస్తుంది.

బరంపురం బడాబజారులో ఒక టోకు బట్టల కొట్టు ఉందనుకుందాం. చాలా ఏళ్లుగా అక్కడ పనిచేస్తున్న గుమస్తా చేతిలో చిట్టా, ఆవర్జా (ఖాతాల పుస్తకం) ఉంటాయి. వాటికంటే విలువైన సమాచారం ఆయన మనసులో ఉంటుంది. ఏ ఊరి వ్యాపారి పంట డబ్బు చేతికొచ్చాకే బాకీ తీరుస్తాడో, ఎవరికి అరువు పెంచవచ్చో, ఎవరిని నాలుగుసార్లు అడిగితే గాని డబ్బు రాదో ఆయనకు తెలిసినంతగా యజమానికి కూడా తెలియదు. సాఫ్ట్‌వేరు వచ్చిన రోజున యజమాని దృష్టిలో పోయేది పాత పుస్తకం మాత్రమే, గుమస్తా దృష్టిలో పోయేది కొట్లో తనకున్న స్థానం. “ఈ వయసులో నాకు కంప్యూటర్ ఎందుకు బాబూ” అని ఆయన అంటే, దాన్ని నేర్చుకోలేని భయంగా లెక్కగట్టి నాలుగు రోజులు శిక్షణ ఇప్పించి ఊరుకోవడం వల్ల ప్రయోజనం ఉండదు. ఖాతాదారు వారీగా అరువు పరిమితిని నిర్ణయించే అధికారాన్ని ఆయనకే ఇచ్చి, ఆ అంకెలు ఎక్కించడానికి ఒక కుర్రవాణ్ణి పక్కన కూర్చోబెడితే, ఆయన అనుభవమూ లెక్కల్లోకి చేరుతుంది, ఆయన మర్యాదా నిలుస్తుంది.

కాబట్టి మొదటి పని ఒక తెల్లకాగితం తీసుకుని, మార్పు తగిలే ప్రతి మనిషి పేరు రాసి, ఆయన ఇవాళ ఏం చేస్తున్నాడు, రేపు ఏం చేయాలి, మధ్యలో ఏం కోల్పోతాడు అన్న మూడు విషయాలు ఎదురుగా రాయడం. కోల్పోయేది కూలి కావచ్చు, నైపుణ్యానికి ఉన్న విలువ కావచ్చు, సాయంత్రం ఇంటికి వెళ్లే వేళ కావచ్చు. పదిమంది ఉన్న కొట్లో ఈ పని ఒక పూటలో అయిపోతుంది, కానీ యజమాని ఒక్కడే కూర్చుని ఊహించి రాస్తే చెల్లదు, ఒక్కొక్కరిని అడిగి రాయాలి.

ఆ కాగితం చూసుకుంటే వ్యతిరేకతకు కారణాలు విడివిడిగా కనిపిస్తాయి. మేనేజ్‌మెంట్ నిపుణులు జాన్ కోటర్, లెనార్డ్ ష్లెసింజర్ 1979లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం ఈ విషయంలో ఇప్పటికీ నాకు అన్నింటికంటే ఉపయోగకరంగా తోస్తుంది. మార్పు ఎందుకో తెలియనివారికి వివరించి చెప్పాలి, పని లోతుపాతులు మనకంటే ఎక్కువ తెలిసినవారిని నిర్ణయంలోనే కలుపుకోవాలి, నేర్చుకోలేమని భయపడేవారికి శిక్షణా వ్యవధీ ఇవ్వాలి, నిజంగానే నష్టపోయేవారితో బేరం కుదుర్చుకోవాలి అని దాని సారాంశం. వారు మరో రెండు మార్గాలు కూడా చెప్పారు. ఒకటి లోపాయికారీగా నడిపించడం, రెండోది బలవంతం. మొదటిది మన ఊళ్లలో వాడకూడదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే పనివాడు, ఖాతాదారు, యజమాని ఒకే వీధిలో ఉండే చోట దాచిన మాట వారం తిరక్కుండా బయటపడుతుంది, ఆ తర్వాత మనం చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. బలవంతం మాత్రం కొన్ని సందర్భాలలో తప్పదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు మారాలా వద్దా అన్న చర్చకు తావు లేదు. బరంపురంలోనే అమ్మిన సరుకుకు సీజీఎస్టీ (కేంద్రం పన్ను), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం పన్ను) వేయాలి, రాష్ట్ర సరిహద్దు దాటి ఆంధ్రలోని ఇచ్ఛాపురం వ్యాపారికి పంపిన సరుకుకు ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను) వేయాలి. ఇలాంటి చోట మారి తీరాలని సూటిగా చెప్పి, ఎలా మారాలన్న దానిలో మాత్రం పనివాళ్ల సలహా తీసుకోవడం న్యాయం.

పుస్తకాలలో కనిపించే మిగిలిన పద్ధతులను వ్యాపారం పరిమాణాన్ని బట్టి చూడాలి. మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ 1947లో చెప్పిన మూడు దశల పద్ధతి, అంటే పాత అలవాటును సడలించడం, మార్చడం, కొత్తదాన్ని గట్టిపరచడం, పదీ పదిహేను మంది ఉన్న చోట చక్కగా సరిపోతుంది. కోటర్ 1995లో ప్రకటించిన ఎనిమిది మెట్ల పద్ధతికి మధ్యస్థాయి అధికారులు, విభాగాలు ఉన్న సంస్థ కావాలి కనుక చిన్న కొట్టుకు అది బరువు. అందులో ఒక్క మెట్టును, అంటే త్వరగా ఒక చిన్న ఫలితం సాధించి అందరికీ చూపించడాన్ని, ఎవరైనా తీసుకోవచ్చు. జెఫ్ హయాట్ రూపొందించిన ఆడ్కార్ పద్ధతి అవగాహన, ఇష్టం, జ్ఞానం, సామర్థ్యం, స్థిరీకరణ అన్న అయిదింటిలో ఒక మనిషి ఎక్కడ ఆగిపోయాడో తేల్చడానికి పనికొస్తుంది. తొందర లేని మార్పులకు, అంటే గోదాములో సరుకు సర్దడం, ప్యాకింగులో వృథా తగ్గించడం వంటివాటికి, రోజుకింత అని మెరుగుపరిచే జపాను వారి కైజెన్ చాలు.

ముక్కకూలి ఉన్న చోట మాత్రం ఎక్కువ జాగ్రత్త కావాలి. జీడిపప్పు కర్మాగారంలో పొట్టు తీసే ఆడవాళ్లకు కిలోల లెక్కన డబ్బు వస్తుంది. పని తీరు మార్చిన మొదటి వారాలలో చెయ్యి తిరగక కిలోలు తగ్గుతాయి, దానితో కూలి తగ్గుతుంది. అమెరికాలోని వర్జీనియాలో ఒక పైజామాల కర్మాగారంలో ఇలాంటి ఇబ్బందినే లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ పరిశీలించి 1948లో ప్రకటించారు. అక్కడ పని మారినవారికి కూలి నష్టం రాకుండా అదనపు సొమ్ము ఇచ్చే ఏర్పాటు ముందునుంచే ఉన్నా వ్యతిరేకత తగ్గలేదు. మార్పును కేవలం ప్రకటించిన బృందంలో ఉత్పత్తి పడిపోయి కోలుకోలేదు, మొదటి 40 రోజులలోనే 17 శాతం మంది పని మానేశారు. కొత్త పనిని ఎలా చేయాలో, దాని రేటు ఎంత ఉండాలో నిర్ణయించడంలో అందరినీ కలుపుకున్న బృందాలు మాత్రం త్వరగా కోలుకుని పాత స్థాయిని దాటిపోయాయి. దీన్నిబట్టి, నేర్చుకునే వారాలకు పాత సగటు కూలి హామీ ఇవ్వడం అవసరమే గాని, కొత్త రేటు కట్టేటప్పుడు ఆ ఆడవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడటం అంతకంటే అవసరం.

ఇక్కడే చట్టం కూడా అడ్డొస్తుంది. పారిశ్రామిక వివాదాల చట్టం, 1947లోని 9ఎ సెక్షను ప్రకారం కూలి, పనివేళలు, సెలవులు వంటి షరతులను కార్మికులకు నష్టం కలిగేలా మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాల్సి ఉండేది. ఉద్యోగాలు పోయే అవకాశమున్న యంత్రాల మార్పు కూడా ఈ జాబితాలోనే ఉండేది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో అమలులోకి వచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ 21 రోజుల నియమం ఉంది. ఆ వ్యవధిని మాటలకు వాడుకోవడం తెలివైన పని.

మన ప్రాంతంలో భాషను పద్ధతిలో భాగంగానే చూడాలి. యజమాని, గుమస్తా తెలుగులో మాట్లాడుకుంటారు, కౌంటరు దగ్గర కుర్రాళ్లు, ఖాతాదారులు ఒడియాలో మాట్లాడతారు, సూరత్ నుంచి వచ్చిన బిల్లు మీద డిజైను నంబరు మాత్రమే ఉంటుంది. ఒకే బట్ట కంప్యూటర్లో మూడు పేర్లతో ఎక్కితే సరుకు నిల్వ ఎన్నడూ సరిపోలదు, తప్పు సాఫ్ట్‌వేరు మీదకు వెళుతుంది. అందుకే సరుకు పేర్ల జాబితాను కంప్యూటర్ అమ్మినవాడితో కాక, కౌంటరు దగ్గర అమ్మేవాళ్లతోనే తయారు చేయించాలి. సూచనలు కూడా రెండు భాషలలో చెప్పాలి. తెలుగులో ముందుగా తెలిసిన మాట ఒడియా పనివాళ్లకు మూడో మనిషి ద్వారా చేరితే, తమను పక్కన పెట్టారన్న భావన కలుగుతుంది.

వేళ విషయానికొస్తే, లెక్కల మార్పుకు ఏప్రిల్ 1 అనువైన రోజు, ఎందుకంటే కొత్త ఆర్థిక సంవత్సరానికి బిల్లు నంబర్లు మళ్లీ మొదటినుంచి వేసుకోవచ్చు. అయితే బరంపురంలో రెండేళ్లకొకసారి చైత్రంలో ఊరి దేవత బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. ఆ రోజులలో ఊరంతా వీధుల్లోనే ఉంటుంది, నేతవాడల వారికైతే మరో పని మీద మనసు నిలవదు. యాత్ర వచ్చే ఏడాది మార్పును యాత్ర ముగిశాకే మొదలుపెట్టి, బిల్లులకు వేరే అక్షరంతో కొత్త వరుస ఇచ్చుకోవచ్చు. పెళ్లిళ్ల అమ్మకాల మధ్యలో, దసరా ముందు ఎవరూ ఈ పని తలపెట్టకూడదు.

పాత పుస్తకం, కొత్త కంప్యూటర్ కొన్నాళ్లు పక్కపక్కనే నడవాలి గాని, ఆ గడువు తేదీని మొదటి రోజే గోడ మీద రాసి పెట్టాలి, లేకపోతే అందరూ పాత పుస్తకాన్నే నమ్ముకుంటారు. ఆ తేదీకి వారం ముందు రెండు లెక్కలూ పోల్చి చూసి, తేడా ఒకే మనిషి దగ్గర వస్తుంటే ఆయనకు మళ్లీ నేర్పించాలి, అందరి దగ్గరా వస్తుంటే మనం ఎంచుకున్న పద్ధతే తప్పిందని గ్రహించి, మొదట రాసుకున్న కాగితాన్ని తీసి ప్రతి ఒక్కరినీ తిరిగి అడగాలి. అంతవరకూ గడువును ఒక నెల వాయిదా వేయడంలో నామోషీ ఏమీ లేదు.