పాత పెంకుటింట్లో చిన్న నిధులను వెతకడం ఎలా

కృష్ణా, గోదావరి డెల్టా గ్రామాలలో ఏడాది పొడవునా తాళం వేసి ఉండి, సంక్రాంతికి మాత్రమే తలుపులు తెరుచుకునే పెంకుటిళ్లు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. వారసులు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడ్డాక, ఆ ఇంటిని బాగుచేయించాలా, పడగొట్టాలా, అమ్మాలా అన్న మాట రాగానే మొదట జరిగే పని సామాను ఖాళీ చేయడం. ఇంట్లోని చిన్న చిన్న అపురూపమైన వస్తువులలో ఎక్కువ భాగం మాయమయ్యేది సరిగ్గా ఆ రెండు మూడు రోజులలోనే. కాబట్టి ఖాళీ చేయడానికి ముందు ఇంటిని చూడటానికి కొంత సమయం కేటాయించుకోవాలి. వస్తువును కదిలించకముందే అది ఎక్కడ, ఏ స్థితిలో, దేని పక్కన ఉందో ఫోటో తీసి రాసుకోవాలన్నది ఈ పనిలో తప్పకూడని నియమం. పాత సామాను కొనేవాడికి కుంచం అంటే కిలోల లెక్కన ఇత్తడి మాత్రమే. గాదె పక్కన, అడుగున ఇంకా ఊక అంటుకుని ఉండగా దొరికిన కుంచం మాత్రం ఆ ఇంట్లో ధాన్యం ఎలా కొలిచేవారో చెబుతుంది.

వెతకడానికి వేసవి తొలి రోజులు అనుకూలం. పండగ హడావుడిలో ఈ పని సాగదు. వానాకాలంలో కాగితాలు చెమ్మకు ఒకదానికొకటి అంటుకుని, ముట్టుకుంటే చిరిగిపోతాయి. మూసి ఉంచిన ఇంట్లో తేళ్లు, జెర్రులు, పాములు ఉన్నాయనే అనుకుని మొదలుపెట్టాలి. కాళ్లకు బూట్లు, చేతులకు మందపాటి తొడుగులు, ముక్కుకు గుడ్డ, చేతిలో మంచి టార్చిలైటు ఉండాలి. కన్ను వెళ్లని చోటికి చెయ్యి వెళ్లకూడదు. చెదలు పట్టిన అటక చెక్కల మీదికి ఎక్కకుండా నిచ్చెన మీద నిలబడే చూడాలి. ఆ ఇంటిని బాగా ఎరిగిన పెద్దావిడ ఊళ్లో ఎవరైనా ఉంటే పిలిచి వసారాలో కూర్చోబెట్టుకుని, దొరికిన ప్రతి వస్తువునూ ఆవిడకు చూపించి, దాని పేరూ వాడుకా ఆవిడ మాటల్లోనే ఫోనులో రికార్డు చేసుకోవాలి. నన్నడిగితే వెతుకులాటలో సగం పని ఇదే.

గోడలు, ద్వారాలు, కప్పు

మొదటి గంట ఏమీ తీయకుండా గోడలను మాత్రమే చూడాలి. గది తలుపులు మూసి, టార్చిలైటును గోడకు ఎదురుగా పట్టుకోకుండా దాదాపు గోడకు ఆనించి, వెలుతురు గోడ వెంబడే పాకేలా పట్టుకుంటే, మామూలు వెలుతురులో కనిపించని గీతలూ గోళ్లతో గీకిన అక్షరాలూ వెల్ల కింద మిగిలిన రాతలూ వాటి నీడల వల్ల బయటపడతాయి. తలుపు వెనక బొగ్గుతో గీసిన నిలువు గీతలు పాల లెక్కో చాకలి పద్దో అయి ఉంటాయి. పెచ్చు ఊడిన చోట అంచును దగ్గరగా చూస్తే, పండగ పండగకూ వేసిన సున్నం ఉల్లిపొరల్లా ఒకదాని మీద ఒకటి, మధ్య మధ్య నీలిమందు కలిపిన లేత రంగుతో కనిపిస్తుంది. అటువంటి సున్నపు గోడలకు బాగుచేసే పేరుతో సిమెంటు పూత వేయించకూడదు. లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి గోడ మరింత పాడవుతుంది.

సింహద్వారం పై పట్టె మీద గజలక్ష్మి, పద్మాల దగ్గర కొన్ని ఇళ్లలో తెలుగు సంవత్సరం పేరు చెక్కి ఉంటుంది. అక్కడ ‘విశ్వావసు’ అని ఉంటే అది 1905–06 కావచ్చు, 1965–66 కూడా కావచ్చు. అరవై ఏళ్లకు ఒకసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి, ఇంటి దస్తావేజులతోనూ పెద్దల వయసులతోనూ సరిచూసుకుని గాని ఏదీ తేల్చకూడదు.

కప్పు మీది బంగళా పెంకులకు అచ్చు అక్షరాలలో కంపెనీ పేరు ఉంటుంది. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వారు మంగళూరులో పెంకుల కర్మాగారం పెట్టినది 1865లో. ఆ సంవత్సరం అచ్చుపడిన పెంకు ఒకటి దొరకగానే మా ఇల్లు 1865 నాటిదని బంధువులందరికీ వాట్సాప్‌లో చాటేవారున్నారు గాని, ఆ అంకె కర్మాగారం మొదలైన ఏడాదినే తెలుపుతుంది. పెంకు ఎప్పుడు తయారైందో దాన్ని బట్టి చెప్పలేము. నా వరకు నాకు ఊరి కుమ్మరులు చేసిన నాటు గూన పెంకులే ఎక్కువ ఇష్టం. సారె మీద గొట్టంలా లేపి, ఆరీ ఆరకముందే నిలువునా రెండుగా చీల్చి కాల్చిన పెంకు అది. తిరగేసి చూస్తే లోపలి వైపున కుమ్మరి వేళ్లు తిరిగిన గాళ్లు వరసగా ఉంటాయి. వాటి మీద మన వేళ్లు ఆనిస్తే, చేసినవారి చెయ్యి పెద్దదో చిన్నదో కూడా కొంత అంచనాకు అందుతుంది.

పగలు పదకొండు, పన్నెండు గంటల మధ్య చీకటి గదిలో నేల మీద చూడవలసినది మరొకటుంది. పెంకుల సందుల్లోంచి పడిన ఎండ గుండ్రని బిళ్ళలుగా కనిపిస్తుంది. సందు ఏ ఆకారంలో ఉన్నా, అది చిన్నదైతే చాలు, నేల మీద పడేది సూర్యుడి బొమ్మే. ఆ వెలుగుకు అడ్డంగా తెల్లకాగితాన్ని ఎండ వచ్చే దిక్కుకు ఎదురుగా వాల్చి పట్టుకుంటే, నేల మీద కోలగా సాగినది చక్కని వృత్తమవుతుంది. సందు నుంచి కాగితానికి పదడుగుల దూరం ఉంటే ఆ వృత్తం అడ్డుకొలత అంగుళానికి కాస్త ఎక్కువ, అంటే ఆ దూరంలో సుమారు నూట ఏడో వంతు. బిళ్ళ అంచున సుద్దతో గీత గీసి రెండు నిమిషాలు ఆగితే గీత దాటి జరిగిన వెలుగు కనిపిస్తుంది. మబ్బు సూర్యుడిని దాటేటప్పుడు దాని నీడ బిళ్ళ మీదుగా పోవడాన్నీ, గ్రహణం నాడు బిళ్ళలన్నీ నెలవంకలుగా మారడాన్నీ పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. గాజు పెంకు పెట్టిన చోట మాత్రం ఇది కుదరదు. రంధ్రం పెద్దది కావడం వల్ల అక్కడ పెంకు ఆకారమే పడుతుంది.

వంటిల్లు, అటక, భోషాణం

వంట పాత్రలలో ముందుగా పేర్లు చదవాలి. బిందెలు, గుండిగలు, చెంబుల అంచున చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేర్లు, ఇంటిపేర్లు, తేదీలు ఉంటాయి. పెళ్లిలో ఇచ్చిన పాత్ర మీద పుట్టింటివారి పేరు ఉంటే, ఏ తరంలో ఏ ఊరి నుంచి కోడలు వచ్చిందో దాన్ని బట్టి తెలుస్తుంది. కాబట్టి తోమే ముందు పేరు ఫోటో తీయాలి. చింతపండుతో పదే పదే గట్టిగా రుద్దితే లోతు తక్కువ చుక్కలు అరిగిపోతాయి. కంచును, ఇత్తడిని వేరు చేయడానికి పాత్రను వేలి చివర నిలబెట్టి మెల్లగా తట్టాలి. కంచు చాలాసేపు మోగుతుంది, ఇత్తడి తొందరగా ఊరుకుంటుంది. కంచు జారిపడితే పగులుతుందన్న సంగతి ఈ పరీక్ష చేసేవారు మరిచిపోకూడదు.

కొలపాత్రలు ఒక్కొక్కటి ఒక్కో మూల దొరుకుతాయి: కుంచం గాదె దగ్గర, మానికా తవ్వా బియ్యపు డబ్బాలో, సోలా గిద్దా నూనె జాడీల దగ్గర. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం అన్నది సాధారణంగా వినిపించే లెక్క. మీ ఇంటి పాత్రలు దానికి సరిపోతాయో లేదో బియ్యం పోసి కొలిచి చూడండి. వరసలో ఒకటి తగ్గితే దాని కోసం మళ్లీ వెతకడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

భోషాణం బరువు చూసి ఎవరూ కదిలించరు గనుక దాని అడుగు మిగిలిన ఇంటికంటే భద్రంగా ఉంటుంది. లోపలి అరలను బయట నుంచీ లోపల నుంచీ టేపుతో కొలిచి, రెండు కొలతల మధ్య తేడా చెక్క మందం కంటే ఎక్కువగా ఉంటే, అక్కడ రహస్యపు అర ఉండవచ్చు. దాన్ని ఉలితో విడగొట్టకుండా పక్క పలకలను జరిపి చూడాలి. పాత చీరలతో కుట్టిన బొంత అందులో దొరికితే ఉతకవద్దు. నీడలో ఆరబెట్టి, చిరిగిన అంచుల దగ్గర లోపలి పొరలను చూస్తే, ఇప్పుడు ఎక్కడా దొరకని నేత అంచులు, అద్దకాలు కనిపిస్తాయి.

చూరు కింద, పెరట్లో

ఆరుబయట వెతకవలసిన చోటు చూరు నీళ్లు పడే గీత. ఏళ్ల తరబడి పెంకుల మీది వాన ఒకే వరసలో పడి మట్టిని కోసేయడం వల్ల, లోపలికి కూరుకుపోయినవి అక్కడ పైకి తేలుతాయి. మంచి వాన కురిసి వెలిసిన మర్నాడు ఉదయం ఆ గీత వెంబడి మెల్లగా నడిస్తే రంగు రంగుల గాజుముక్కలు, పూసలు, గోలీలు, అప్పుడప్పుడు ఒక నాణెం కనిపిస్తాయి. రోలు ఉన్న చోట మట్టిలో ఇనుప కట్టు దొరికితే అది చాలావరకు రోకలి పొన్ను. కర్ర చెదలకు పోయినా పొన్ను మిగులుతుంది. నూతి గట్టు రాతి అంచున చేదతాడు ఒరుసుకుని పడిన గాళ్లను వేలితో తడిమి చూడండి; ఎక్కువ లోతున్న వైపే ఇంటివారు ఎక్కువగా నిలబడి తోడుకున్న వైపు.

పెరడును తొలకరికి ముందు చదును చేయించవద్దు. మొదటి వానలకు పసుపు, చేమ, అల్లం వంటి దుంపలు పాత మడుల వరసలోనే మొలకెత్తి, వంటింటి నీళ్లు ఏ దారిన పారేవో చూపిస్తాయి. నందివర్ధనం, పారిజాతం, కరివేపాకు ఉన్న చోట్లు కాగితం మీద గుర్తించుకుంటే, పడిపోయిన దడీ స్నానాల గదీ ఎక్కడ ఉండేవో తెలిసిపోతుంది. పిచ్చుకల కోసం వసారాలో వరికంకుల కుచ్చు కట్టే కొక్కెం ఖాళీగా ఉంటే, కొత్త పంట రాగానే మళ్లీ కట్టించండి. పెద్ద ఖర్చేమీ కాదు.

కాగితాలు, నాణేలు

వాసానికి వేలాడే ఇనుప తీగకు గుచ్చిన ఉత్తరాలు దొరికితే, తీగను కత్తిరించి ఒక్కొక్కటీ వరస చెడకుండా తీయాలి. అడుగున ఉన్నది అన్నిటికంటే పాతది. తపాలా ముద్రలో తేదీ చెరిగిపోయినా తపాలా బిళ్ళ మీది రాజు బొమ్మ సాయపడుతుంది: బ్రిటిష్ రాజు అయిదవ జార్జి పాలన 1910 నుంచి 1936 వరకు సాగింది, ఆరవ జార్జి ఆ తర్వాతివాడు. సర్కారు (కోస్తా) జిల్లాల భూమి కాగితాలలో ఫసలీ సంవత్సరం, అంటే భూమిశిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం, కనిపిస్తే ఇంగ్లీషు సంవత్సరం కోసం దానికి 590 కలపాలి. ఫసలీ 1350 అంటే 1940 జూలైలో మొదలైన సంవత్సరం. దారంతో కట్టిన పాత పంచాంగాలను చెత్తలో వేయకముందు ప్రతి పుట అంచునూ చూడాలి. పిల్లలు పుట్టిన వేళలు, అప్పు ఇచ్చిన తేదీలు అక్కడే రాసుకునేవారు. అద్దానికి అంటుకుపోయిన ఫోటోను పీకకూడదు. అద్దంతో సహా వసారా నీడలో, ఫ్లాష్ లేకుండా ఫోటో తీసుకోవాలి.

నాణేలను తోమవద్దు, మెరిసేలా రుద్దిన పాత నాణేన్ని సేకరించేవారు ఇష్టపడరు. చిల్లుకానీ 1943–47 మధ్యది. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చేవరకు రూపాయికి 16 అణాలు, అణాకు నాలుగు కానీలు. 1968 నుంచి వచ్చిన, తామరపువ్వు ఉన్న పసుపు రంగు 20 పైసల బిళ్ళలను లక్ష్మీపూజకు దాచుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి దేవుడి పెట్టె అడుగు తప్పక చూడాలి. తెలంగాణ ఇళ్లలో చార్మినారు బొమ్మ ఉన్న నిజాం నాణేలూ దొరుకుతాయి.

తాళపత్రాలను ఎండలో పెట్టకూడదు, పెళుసెక్కిన కట్టను విప్పకూడదు. హైదరాబాదులోని ప్రాచ్య లిఖిత భాండాగారాన్నో తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థనో సంప్రదించాలి. పాత పత్రికల కట్టలు దొరికితే 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలను అడిగి చూడవచ్చు.

పంపకాలు, చట్టం

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పంచుకునేటప్పుడు కుంచం నుంచి గిద్ద దాకా ఉన్న వరసను తలో ఒకటిగా విడదీయకుండా ఒకరి దగ్గరే ఉంచి, ఫోటోల నకలు అందరికీ ఇవ్వడం మేలు. లంకెబిందెల ఆశతో గచ్చు తవ్వించేవారికి చెప్పవలసిన మాట ఒకటుంది: తవ్వితే పునాది కదులుతుంది. పైగా 1878 నాటి నిధి చట్టం ప్రకారం, భూమిలో దాగి దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేలు, విగ్రహాల వంటివాటినీ, డెబ్బై అయిదేళ్లు దాటిన విలువైన రాతప్రతులనూ సొంతంగా విదేశాలకు తీసుకువెళ్లకూడదు. అమెరికా నుంచి వచ్చిన మనవడికి తాతగారి తాళపత్రాల మీద ఎంత మమకారం ఉన్నా, వాటిని పెట్టెలో సర్దుకోకుండా ఫోటోలు తీసుకుని వెళ్లి, అసలు ప్రతిని ఇక్కడి భాండాగారానికి అప్పగించి, రసీదు తీసుకోవాలి.