రెండడుగుల తొట్టిలో ఏ చేపకు ఏ చేప జోడు

కొత్తగా అక్వేరియం పెట్టేవారు సాధారణంగా రంగు చూసి చేపలను కొంటారు, నిజానికి ముందుగా చూడవలసింది ఇంటి నీరు. మన బోరు నీరు చాలాచోట్ల కఠినజలం కనుక అందులో గప్పీలు, మోలీలు, ప్లాటీలు హాయిగా పెరుగుతాయి గాని, అమెజాన్ ప్రాంతపు మృదుజలానికి చెందిన నియాన్ టెట్రాలు ఇబ్బంది పడతాయి.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 55 లీటర్ల నీరు పడుతుంది. అందులో ఆరు మగ గప్పీలు, నాలుగు ప్లాటీలు, అడుగున సన్నని ఇసుక మీద తిరిగే ఆరు కోరిడోరస్‌లు ఉంటే చాలు. ఆడ గప్పీలను కూడా చేర్చితే నెల తిరగకుండానే పిల్లలు పుట్టుకొస్తాయి. అన్నీ ఒకేరోజు వేయకుండా, ఫిల్టర్‌లో మేలు చేసే బ్యాక్టీరియా స్థిరపడేవరకు కొన్ని వారాలు ఆగి, విడతలుగా వేయాలి.

టైగర్ బార్బ్‌లు గప్పీల తోకలను కొరుకుతాయి. మగ ఫైటర్ చేప ఆ పొడవాటి తోకను చూసి మరో ఫైటరేమోనని మీదపడవచ్చు. గోల్డ్‌ఫిష్‌కు చల్లని నీరు, పెద్ద తొట్టి కావాలి. ఏంజెల్ చేప విషయంలో నేనే మోసపోయాను: రూపాయి బిళ్లంత పిల్లను తెచ్చి నియాన్‌లతో కలిపితే, అది ఎదిగిన కొద్దీ ఉదయం లెక్కకు ఒక్కో నియాన్ తగ్గుతూ వచ్చింది.

అద్దాలను శుభ్రం చేస్తుందని దుకాణాల్లో అంటగట్టే సక్కర్ చేప అడుగుకు మించి పెరుగుతుంది. దానిని కొనకండి, కొన్నా చెరువులో వదలకండి.