తెల్లకర్రకు అందేలా ఆఫీసు భవనం: టైల్స్, మెట్లు, గోడల పని

టైల్స్ కొనకముందే గేటు నుంచి కౌంటర్ దాకా, అక్కణ్ణుంచి లిఫ్టుకీ టాయిలెట్‌కీ వెళ్లే దారిని నేల మీద సుద్దతో గీయించండి. చాలా చోట్ల చూపు లేనివాళ్లకు దారి చూపే పసుపు టైల్స్ పట్టీ ర్యాంపు దగ్గర మొదలై వరండాలోనే ఆగిపోతుంది. చూపు లేని మనిషి ఇక అక్కడ నిలబడి ఎవరో ఒకర్ని పిలవాల్సిందే.

కర్రకూ పాదానికీ తగిలి తెలిసే ఈ టాక్టైల్ టైల్స్‌లో గీతలవి నడిచే దిక్కు చెబుతాయి, గుండ్రటి బొడిపెలవి ఆగమని హెచ్చరిస్తాయి. సెయిచి మియాకే 1965లో రూపొందించి, 1967లో జపాన్‌లోని ఒకయామాలో మొదటిసారి పరిపించినవి బొడిపెలవే.

300 మి.మీ. చదరం టైల్, 5 మి.మీ. బొడిపె తీసుకోండి. బొడిపెల మధ్య ఉండే టైల్ ఉపరితలం చుట్టూ ఉన్న నేలతో సమంగా కూర్చోవాలి. బొడిపెలే పైకి తేలాలి. కింద మాలు ఎక్కువైతే టైల్ మొత్తం లేచి, చూపున్నవాళ్లూ తట్టుకుని పడతారు. టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ బొడిపెల మధ్య గడ్డకడితే కర్రకు తేడా తెలియదు, తడి ఆరకముందే తుడిపించండి. తెల్ల మార్బుల్ మీద పసుపు ఆనదు. కొద్దిపాటి చూపున్నవాళ్లకు అక్కడ ముదురు రంగే పనికొస్తుంది.

పట్టీకి రెండు పక్కలా 600 మి.మీ. ఖాళీ ఉంచండి. మలుపులో బొడిపెల టైల్స్ వేయండి. మెట్లకు పైనా కిందా, మొదటి మెట్టుకు 300 మి.మీ. ముందు, మెట్ల వెడల్పంతా బొడిపెలు పరవాలి. ప్రతి మెట్టు అంచుకూ 50 మి.మీ. రంగు పట్టీ వేయించండి. రెయిలింగ్ చివరి మెట్టు దాటి 300 మి.మీ. సాగాలి, లేకపోతే మెట్లు అయిపోయాయని చేతికి తెలియదు.

అసలు ప్రమాదం తలకు తగిలేవాటితోనే. కర్ర నేలనే వెతుకుతుంది. మెట్ల కింది వాలు, ఏసీ యూనిట్, గోడకున్న ఫైర్ సిలిండర్ దానికి అందవు. మెట్ల కింద 2100 మి.మీ. కన్నా తక్కువ ఎత్తున్న జాగా మూసేయండి. మిగతావి గోడ నుంచి 100 మి.మీ. దాటి బయటికి రాకూడదు.

గది బోర్డును తలుపుకు కాక, పిడి వైపు గోడకు బిగించండి. చదివేవాళ్ల ముఖానికి తలుపు తగలదు. బ్రెయిల్‌తో పాటు ఉబ్బెత్తు తెలుగు అక్షరాలూ కావాలి, పెద్దయ్యాక చూపు పోయినవాళ్లలో చాలామందికి బ్రెయిల్ రాదు. లిఫ్టు అంతస్తు పేరు తెలుగులో పలకాలి. హాల్లో ప్రతిధ్వని ఎక్కువుంటే ఆ మాట వినబడదు, అందుకే సీలింగుకు శబ్దం పీల్చే పలకలు వేయించండి.

కాంట్రాక్టర్ బిల్లు పాస్ చేసేముందు తెల్లకర్ర వాడేవాళ్లను ఒంటరిగా గేటు నుంచి కౌంటర్ దాకా నడవమనండి. కర్ర తడబడిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టి, అక్కడ పని మళ్లీ చేయించండి.