వికీపీడియాలో జీవితచరిత్రకు ముందు మూలాలు, తర్వాతే వాక్యాలు

వ్యాసమంతా రాసేశాక ఒక్కో వాక్యానికీ మూలం (ఆ సంగతి ఎక్కడిదో చూపే పత్రిక, పుస్తకం లాంటిది) వెతుక్కోవడం పెద్ద తలనొప్పి. కొత్తగా రాసేవాళ్లు ఈ వరసను తిరగేసి చూడండి. ముందు మీ ప్రయోగశాల పేజీలో (వికీపీడియాలో చిత్తుప్రతులు రాసుకునే మీ సొంత పేజీ), ఆ వ్యక్తితో సంబంధం లేనివాళ్లు రాసిన మూడు మూలాల లింకులు పెట్టుకోండి. మూడు దొరక్కపోతే ఆ పేరు ప్రస్తుతానికి పక్కన పెట్టడమే మేలు. ఒక్కో లింకు కింద అందులో ఉన్న సంగతిని సొంత మాటల్లో రెండు వాక్యాలు రాయండి: పుట్టిన తేదీ, చేసిన పని, వచ్చిన అవార్డు. "బహుముఖ ప్రజ్ఞాశాలి" లాంటి పొగడ్తలు పత్రికలో ఉన్నా సరే, వదిలెయ్యండి. తర్వాత వాటిని కాలక్రమంలో పేర్చితే సగం వ్యాసం వచ్చేసినట్టే.

విజువల్ ఎడిటర్‌లో (కోడ్‌తో పనిలేకుండా, పేజీ కనిపించే రూపంలోనే రాసే పద్ధతి) మూలం చేర్చే చోట లింకు అతికిస్తే మూలం వివరాలు చాలావరకు వాటంతటవే నిండుతాయి. స్కాన్ చేసిన పాత పత్రికల దగ్గర మాత్రం ఈ పప్పులుడకవు. పత్రిక పేరు, తేదీ, పేజీ చేత్తో కొట్టాల్సిందే.