జర్మనీలో చిన్న ఊరు, ఇంట్లో చిన్న బిడ్డ: మొదటి ఏడాదికి ఏం సిద్ధం చేసుకోవాలి

జర్మనీ ఉద్యోగం అంటే బెర్లిన్, మ్యూనిక్ గుర్తొస్తాయి. కానీ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎస్‌ఏపీ ఉన్నది వాల్‌డార్ఫ్‌లో, క్రీడా దుస్తుల అడిడాస్, యంత్రభాగాల షెఫ్లర్ ఉన్నవి హెర్ట్‌సోగెన్‌ఆరాఖ్‌లో. రెండూ చిన్న ఊళ్లే. ఇలాంటి చోట తెలుగు సంఘం, ఇండియన్ కొట్టు, ఇంగ్లిష్ వచ్చిన గుమస్తా దగ్గరలో ఉంటారని అనుకోవద్దు. ఆరేళ్లలోపు బిడ్డతో వెళ్లేవాళ్లకు ఊరితో పరిచయం కీటా అనే శిశు పాఠశాల గేటు దగ్గరే మొదలవుతుంది. అందుకే ఇక్కడ ఎక్కువ మాట దాని గురించే.

బయల్దేరే ముందు

ముందు బర్త్ సర్టిఫికెట్ తీసి చూడండి. పుట్టిన వెంటనే తీసుకున్న కాగితంలో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉండే అవకాశం ఉంది. అలా ఉంటే పుట్టిన ఊరి మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో పేరు చేర్పించి కొత్త కాపీ తీసుకోండి. తల్లిదండ్రుల పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన ఇంటిపేర్లతో వచ్చే చిక్కు ఇదే: ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు, తల్లికి పుట్టింటి పేరు, బిడ్డకు తండ్రి ఇంటిపేరు. జర్మన్ గుమస్తాకు ఇవి వేర్వేరు కుటుంబాల్లా కనిపిస్తాయి. ఇంటిపేరు కలవని తల్లి బిడ్డతో ఒంటరిగా ప్రయాణం చేస్తే ఈ సర్టిఫికెట్ చేతి సంచీలోనే ఉండాలి.

రెండోది టీకాల కార్డు. 2020 మార్చి నుంచి జర్మనీలో తట్టు టీకా రుజువు లేకుండా కీటాలో చేర్చుకోరు. ఏడాది నిండిన బిడ్డకు ఒక డోసు, రెండేళ్లు నిండితే రెండు డోసులు పడి ఉండాలి. మన దగ్గర వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా రెండు డోసుల తేదీలు, ఆసుపత్రి ముద్ర స్పష్టంగా కనిపించాలి. చేతిరాత అలుక్కుపోయి ఉంటే డాక్టరు దగ్గర ఇంగ్లిష్‌లో టైపు చేయించుకుని సంతకం పెట్టించండి.

మొదటి రెండు వారాలు

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు టౌన్‌హాలులో అన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, చేయించాలి. దానికి ఇంటి యజమాని సంతకం పెట్టిన వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అనే కాగితం కావాలి. అద్దె ఒప్పందం చూపిస్తే సరిపోదు కాబట్టి తాళాలు తీసుకునే రోజే అడిగి తీసుకోండి. నమోదయ్యాక ఇంట్లో ఒక్కొక్కరికీ పన్ను నంబరు పోస్టులో వస్తుంది. పోస్టు డబ్బా మీద మీ ఇంటిపేరు అంటించకపోతే పోస్ట్‌మ్యాన్ ఆ కవరును వెనక్కి పంపేస్తాడు. కొత్తగా వచ్చినవాళ్ల కాగితాలు ఎక్కువగా ఆగేది ఇక్కడే.

ఆ నంబరు రాగానే ఫామిలియెన్‌కాసె అనే ప్రభుత్వ ఆఫీసుకు కిండర్‌గెల్డ్, అంటే పిల్లల భత్యం, దరఖాస్తు పంపండి. బిడ్డకు నెలకు 2025లో 255 యూరోలు, 2026 నుంచి 259. బ్లూ కార్డు (చదువుకున్న ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) ఉన్నవాళ్లకు వస్తుంది. ఆలస్యంగా పెట్టుకుంటే వెనకటి ఆరు నెలలకే ఇస్తారు, అంతకు ముందువి పోయినట్టే.

కీటా

ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ సీటు పొందే చట్టపరమైన హక్కు 2013 ఆగస్టు నుంచి ఉంది. హక్కు ఉన్నా చిన్న ఊళ్లో ఉండేవి రెండో మూడో కీటాలు, సీట్లు కొద్ది. చాలా చోట్ల కొత్త ఏడాది ఆగస్టులోనో సెప్టెంబరులోనో మొదలవుతుంది, దరఖాస్తులు ఆ క్యాలెండర్ ఏడాది మొదటి నెలల్లోనే తీసుకుంటారు. ఇల్లు ఖాయం కాగానే, విమానం ఎక్కకముందే ఊరి వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టండి. చర్చి నడిపే కీటాలను కూడా జాబితాలో వేయండి, అక్కడ మన పిల్లలను కూడా చేర్చుకుంటారు.

సీటు వచ్చాక అసలు పని ఐన్‌గెవ్యోనుంగ్, అంటే బిడ్డను మెల్లగా అలవాటు చేయడం. ఎక్కువ కీటాలు బెర్లిన్ పద్ధతి పాటిస్తాయి. మొదటి 3 రోజులు అమ్మో నాన్నో గదిలో బిడ్డతోపాటు గంటసేపు ఉంటారు. ఆడించకూడదు, ఫోను చూడకూడదు, ఒక మూల ఊరికే కూర్చోవాలి. నాలుగో రోజు కొద్ది నిమిషాలు బయటికి వెళ్తారు. బిడ్డ ఏడ్చినా టీచరు ఓదారిస్తే ఊరుకుంటోందా అన్నదే ఆ రోజు చూస్తారు. ఊరుకోకపోతే ఇంకొన్ని రోజులు కలిసి కూర్చోవడమే. నాలుగో రోజు సోమవారం పడితే మంగళవారానికి జరుపుతారు. ఇలా రెండు మూడు వారాలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. ఉద్యోగాలున్న ఇంట్లో ఒకరు నెల రోజులు సెలవో సగం పూట పనో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. వారంలో ముగుస్తుందనుకుని ఆఫీసులో మాటిచ్చిన ఇళ్లలోనే ఇది చెడుతుంది.

మన ఇళ్లలో బిడ్డ ఏడుస్తుందని కాకినో పిచ్చుకనో చూపించి చాటుగా జారుకోవడం అలవాటు. ఇక్కడ ఆ పని చేయొద్దు. "అమ్మ వెళ్తోంది, అన్నం తిన్నాక వస్తుంది" అని చెప్పి, ఒక్కసారి ముద్దు పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లాలి. చెప్పిన వేళకు రావాలి. భాష తెలియని గదిలో బిడ్డకు దొరికే భరోసా అదొక్కటే.

మొదటి కొన్ని నెలలు బిడ్డ అక్కడ నోరు తెరవకపోవచ్చు. అది మామూలే, వింటూ పోగు చేసుకుంటుంది. దానికి భయపడి ఇంట్లో వచ్చీరాని జర్మన్ మొదలుపెట్టకండి. ఇంట్లో నిండుగా తెలుగు మాట్లాడండి, జర్మన్ కీటా చూసుకుంటుంది. టీచరుకు మాత్రం నీళ్లు, ఆకలి, నొప్పి, ఒంటేలు, అమ్మ లాంటి పది పదిహేను మాటలు బిడ్డ ఎలా పలుకుతుందో అలాగే జర్మన్ అక్షరాల్లో రాసివ్వండి. "నీలు" అంటే ఏమిటో తెలియక బిడ్డ దాహంతో ఏడవకూడదు కదా.

తిండి విషయం చేరే రోజే తేల్చుకోండి. మాంసం వద్దని మాత్రమే చెబితే సాసేజ్ పెట్టే ప్రమాదం ఉంది. "కైన్ ఫ్లైష్, కైనె వుర్స్ట్, కైన్ ఫిష్" (మాంసం, సాసేజ్, చేప వద్దు) అని మూడూ రాయండి. జెలటిన్ కూడా వద్దంటే "కైనె గెలాటినె" చేర్చండి. పుట్టినరోజులకు పంచే గమ్మీ మిఠాయిల్లో ఎక్కువగా ఉండేది పంది జెలటిన్. డబ్బాలో చిన్న ఇడ్లీలు, చుట్టిన చపాతీ, కీరా ముక్కలు బాగా నడుస్తాయి. తీపి, పల్లీలు ఒప్పుకోని కీటాలున్నాయి, అడిగి పెట్టండి.

వానైనా మంచైనా పిల్లలను బయటికి తీసుకెళ్తారు. మాచ్‌హోజె అనే బురద ప్యాంటు, రబ్బరు బూట్లు, లోపల వేసుకునే చెప్పులు, ఒక జత మార్పు బట్టలు అక్కడే కొక్కేనికి ఉండాలి, అన్నిటి మీదా పేరుండాలి. బట్టల సైజులు ఎత్తు సెంటీమీటర్లలో ఉంటాయి: 98, 104, 110. బూట్లు పాదం కన్నా 12 మిల్లీమీటర్లు పొడవుగా తీసుకోండి. అన్నీ కొత్తవి కొనక్కర్లేదు. వసంతంలో, శరదృతువులో ఊళ్లలో జరిగే పిల్లల వస్తువుల సంతలో వాడినవి చవకగా దొరుకుతాయి, అక్కడే నలుగురు తల్లులూ పరిచయమవుతారు. కారు సీటులో మాత్రం దళసరి జాకెట్ విప్పి బెల్టు పెట్టండి, లేకపోతే బెల్టు వదులుగా ఉంటుంది.

జ్వరం వచ్చినప్పుడు

మొదటి చలికాలం బిడ్డకు నెలకోసారైనా జలుబో జ్వరమో తగులుతుంది. జ్వరం తగ్గి 24 గంటలు గడిచాకే పంపమంటారు. ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంటే 12 ఏళ్లలోపు బిడ్డకు తల్లికి 15, తండ్రికి 15 రోజులు వేతన పరిహారంతో సెలవు దొరుకుతుంది, డాక్టరు కాగితం కావాలి. వెళ్లిన మొదటి నెలలోనే, బిడ్డ ఆరోగ్యంగా ఉండగానే, పిల్లల డాక్టరు దగ్గర పేరు రాయించుకుని పసుపు రంగు ఆరోగ్య పరీక్షల పుస్తకం అడగండి. రాత్రుళ్లు, ఆదివారాలు డాక్టరు కోసం 116117, ప్రాణం మీదికొస్తే 112.

ఇంటినుంచి తెచ్చిన పారాసెటమాల్ సిరప్ అలవాటుగా చెంచా లెక్కన పోయొద్దు. మన సీసాల్లో 5 మిల్లీలీటర్లకు 120, 125, 250 మిల్లీగ్రాములవి ఉంటాయి, అక్కడివి సాధారణంగా 200. సీసా మారితే కొలత మారుతుంది, బిడ్డ బరువు చెప్పి ఫార్మసీలో అడగండి.

ఊరివాళ్లతో

గేటు దగ్గర, డాక్టరు వెయిటింగ్ రూములో, మెట్ల మీద ఎదురైన ప్రతివారికీ ముందుగా నమస్కారం చెప్పాలి. పుట్టినరోజు శుభాకాంక్షలు ముందురోజు చెప్పొద్దు, అపశకునంగా తీసుకుంటారు. పార్టీ పిలుపులో ముగింపు వేళ కూడా ఉంటుంది, ఆ నిమిషానికి వెళ్లి బిడ్డను తెచ్చుకోవాలి. ఊరి క్రీడా సంఘంలో పిల్లల వ్యాయామానికి చేర్పించండి. చిన్నపిల్లల తరగతుల్లో తల్లిదండ్రులు కూడా ఉంటారు, భాష రాకపోయినా అక్కడ పని నడుస్తుంది.

బడి వయసు వచ్చాక టికెట్లు చవకని సంక్రాంతికి సెలవు పెట్టి ఇండియా వెళ్లడం కుదరదు. హాజరు చట్టప్రకారం తప్పనిసరి, అనుమతి లేకపోతే జరిమానా. పండక్కి తీసుకెళ్లాలంటే కీటా ఏళ్లలోనే తీసుకెళ్లండి.

అమ్మమ్మనో తాతయ్యనో పిలిపిస్తే షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులు ఉండొచ్చు. ఖర్చుల హామీపత్రం 29 యూరోలు. చిన్న ఊళ్లవాళ్లకు అది ఎక్కువగా జిల్లా కేంద్రంలోని ఆఫీసులో ఇస్తారు, అపాయింట్‌మెంటుకు వారాలు పట్టొచ్చు. అసలు ప్రతినే ఇండియాకు పంపాలి. 30,000 యూరోలకు తగ్గని ప్రయాణ బీమా ఉండాలి. వాళ్లు రాకముందే కీటాలో బిడ్డను తీసుకెళ్లగలవారి జాబితాలో పేర్లు, పాస్‌పోర్టులో ఉన్నట్టే, రాయించండి. లేకపోతే బిడ్డ "తాతా" అని పరిగెత్తుకొచ్చినా టీచరు చేయి వదలదు.